పోర్చుగీసు మాట్లాడే కార్మికుల సంఖ్య: ఒకటి

మా ఆఫీసులోకి పోర్చుగీసు భాష ప్రవేశించిన తేదీ ఫిబ్రవరి పదకొండు. సమయం ఉదయం పదకొండున్నర. ఇన్‌వార్డు నంబరు 1147. నిద్రలో లేపి అడిగినా ఈ వివరాలు చెప్పగలను, ఎందుకంటే తపాలా పుస్తకంలో ఎర్రసిరాతో ఆ నంబరు వేసినవాణ్ణి నేనే. దానికి ముందరి 1146 కూడా నేనే వేశాను. అది పోర్చుగీసు కాదు, తెలుగు. తెల్లకాగితం మీద పెన్సిలుతో గీతలు గీసుకుని, వంకర పోకుండా రాసిన ఒక్క పేజీ అర్జీ. దాని సంగతి తర్వాత వస్తుంది. మా ఆఫీసులోనూ దాని వంతు తర్వాతే వచ్చింది.

నా పేరు కామేశం. పురపాలక నీటి సరఫరా డివిజన్‌లో హెడ్ గుమాస్తాని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను రాసిన నోటులో పైవాళ్ళు ఒక్క కామా కూడా కొట్టెయ్యలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. జరిగిన పనిలో నా చెయ్యి ఎంత ఉందో ముందే తెలిస్తే మంచిదని చెబుతున్నాను.

మా హెడ్డాఫీసులో సర్వోత్తమరావు గారని ఒక జాయింట్ డైరెక్టరు ఉన్నారు. కార్మిక సంక్షేమం మీద మహాసభ ఏదో జరుగుతుంటే పన్నెండు రోజులు బ్రెజిల్ వెళ్ళొచ్చారు. విదేశం వెళ్ళినవాళ్ళు చాక్లెట్లో సెంటు సీసాలో తెస్తారు. ఈయన మాకు ముప్ఫై రెండు ప్రశ్నలు తెచ్చారు. పనిచేసే చోట మనిషికి ఎంత ఒత్తిడి ఉందో కొలిచే ప్రశ్నలవి. అక్కడ లుసీయా అనే డాక్టరమ్మ వాటిని ఇంకేదో భాషలోంచి పోర్చుగీసు మాట్లాడే తమ కార్మికుల కోసం మార్చి రాసిందట. ఊరికే మార్చలేదు. ఆరేళ్ళపాటు ఫ్యాక్టరీలకీ రేవులకీ తిరిగి, ఒక్కొక్క ప్రశ్నా కార్మికుల చేత చదివించి, వాళ్ళు మొహం చిట్లించిన మాటలు తీసేసి, వాళ్ళు ఇంట్లో వాడుకునే మాటలు పెట్టిందట. ఇదంతా ప్రశ్నల వెనక పేజీలో ఇంగ్లీషులో రాసి ఉంది. దాని ఆఖరి వాక్యం ఇది: ఈ కొలత పోర్చుగీసు మాట్లాడే కార్మికుల విషయంలో మాత్రమే నమ్మదగినది.

ఆ వాక్యం చదివిన మామూలు మనిషికి తోచేది ఒకటే. మనమూ మన కార్మికుల పక్కన కూర్చుని ఆ పని తెలుగులో చేసుకోవాలని. హెడ్డాఫీసు మామూలు మనిషి కాదు. అందుకని 1147 ఇలా వచ్చింది:

'సదరు ప్రశ్నావళిని అనువదించుట, మార్చుట, సరళీకరించుట నిషేధింపబడినది. ప్రతి డివిజనూ తమ పరిధిలోని పోర్చుగీసు మాట్లాడు కార్మికులను గుర్తించి, వారి ఒత్తిడిని కొలిచి, జతపరచిన నమూనాలో నివేదిక పంపవలెను. ఒత్తిడి అరవై మార్కులు దాటిన చోట అదనపు సిబ్బంది మంజూరు విషయం సానుభూతితో పరిశీలింపబడును. శూన్య నివేదికలు స్వీకరింపబడవు.'

ఈ చివరి ముక్క గురించి బయటివాళ్ళకి కాస్త చెప్పాలి. 'లేదు' అని రాసేసి చేతులు దులుపుకునేవాళ్ళ ఆట కట్టించడానికి ఎప్పుడో ఎవరో పెట్టిన వాక్యం అది. ఇప్పుడు ప్రతి ఉత్తర్వు చివరా ముద్రలాగా పడుతోంది. మీ దగ్గర ఏనుగులు ఎన్ని ఉన్నాయని మా నీటి విభాగాన్ని అడిగినా కింద ఆ వాక్యం ఉంటుంది. మేమూ ఏనుగుని చూపిస్తాం.

ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పరాంకుశం గారు నన్ను లోపలికి పిలిచారు. నమూనాలో తొమ్మిది గడులున్నాయి. ఏడో గడి మీద ఆయన వేలు ఆగి ఉంది.

"ఏమయ్యా కామేశం, మన డివిజన్లో పోర్చుగీసు మాట్లాడేవాళ్ళు ఎంతమంది?"

"ఎవరూ లేరండి."

"లేరన్నది వాస్తవం. నేను అడిగింది నివేదిక గురించి."

"శూన్యం అని రాద్దామాండి?"

ఆయన కళ్ళజోడు తీసి నాకేసి జాలిగా చూశారు. "ఇరవై ఆరేళ్ళ సర్వీసు నీది. శూన్యం అనేది మన సమర్థతకి సంబంధించిన విషయం. ఇంతమంది సిబ్బందిని పెట్టుకుని ఒక్క పోర్చుగీసు మాట్లాడేవాణ్ణి కూడా గుర్తించలేకపోయామంటే పైన ఏమనుకుంటారు? సమగ్ర దృక్పథంతో పరిశీలించు. రేపు పొద్దుటికి ఫైలు పెట్టు."

నేను బయటికి వచ్చేసరికి 1146 రాసిన మనిషి నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అతని పేరు తవిటినాయుడు, ఏటి ఒడ్డున ఉన్న పంపుహౌసులో ఆపరేటరు. వయసు యాభై ఒకటి. పంపుహౌసుకి మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు. కిందటేడు ఒకాయన రిటైరయ్యాడు. ఆ ఖాళీ అలాగే ఉంది. అప్పట్నుంచీ తవిటినాయుడూ గుంపస్వామీ ఇద్దరే చెరో పన్నెండు గంటలూ చేస్తున్నారు. పంపుహౌసులో షిఫ్టు పుస్తకం ఒకటి ఉంటుంది. దిగేవాడు 'అప్పగించినవారు' అన్న చోట, ఎక్కేవాడు 'స్వీకరించినవారు' అన్న చోట, బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని సంతకం పెట్టాలి. తాగి వచ్చినవాణ్ణీ జ్వరంతో వచ్చినవాణ్ణీ ఎదటివాడు పట్టుకోవాలని పెద్దలు పెట్టిన నియమం. మా డిపార్టుమెంటులో తెలివిగా పెట్టిన నియమం అదొక్కటే అని నా అభిప్రాయం.

"బాబూ, నా కాయితం సూసినారా?" అన్నాడు.

"చూశాను. నంబరు వేశాను."

"నంబరు కాదు బాబూ, సంగతి. పదకొండు నెల్లై వారం సెలవు నేదు. మొన్న నిలబడే నిదరపోనాను. వాల్వు కట్టడం మర్సిపోతే గొల్లవీధిలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చీసినాయి. నీళ్ళైతే ఎత్తి పోసుకుంటారు. ఆ మోటారు బెల్టులో ఓ రోజు సెయ్యెట్టీసినానంటే నాను మళ్ళీ ఎలాగెత్తుకుంటాను? ఒక్క మనిసినెయ్యండి, సాలు."

అతని కుడిచెయ్యి మణికట్టు మీద కొత్తగా దోక్కుపోయిన గాటు ఉంది. అప్పుడే బెల్టు రుచి చూసి వదిలింది.

"మనిషిని వెయ్యాలంటే నీ ఒత్తిడి కొలవాలి," అన్నాను.

"కొలండి. నన్నడగండి, సెప్తాను."

"నిన్ను అడగడానికి వీల్లేదు. ప్రశ్నలు పోర్చుగీసులో ఉన్నాయి."

"అడిగీవోళ్ళకి తెలుగొచ్చు, సెప్పీవోడికి తెలుగొచ్చు. మద్దిన అదేటి బాబూ?"

నాకు చిరాకొచ్చింది. జవాబు లేనప్పుడు గుమాస్తాలకి చిరాకే వస్తుంది. వెళ్ళి రమ్మన్నాను.

ఆ సాయంత్రం నలభై ఆరుగురి సర్వీసు రిజిస్టర్లూ ముందేసుకుని కూర్చున్నాను. ముప్ఫయ్యొకటో రిజిస్టరు తవిటినాయుడిది. 'పూర్వానుభవం' అన్న చోట 'గోవా, హోటలు, పద్నాలుగు నెలలు' అని ఉంది. నా ఒళ్ళు పులకరించింది. వెంటనే నోటు రాశాను: 'గతంలో పోర్చుగీసు పాలనలో ఉన్న ప్రాంతమందు సదరు ఉద్యోగి పద్నాలుగు నెలలు నివసించి ఉన్నందున, సదరు భాష అతనికి సోకి ఉండవచ్చునని భావించుటకు అవకాశము కలదు. ఆమోదము కొరకు సమర్పించడమైనది.' పరాంకుశం గారు 'సోకి' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, సంతకం పెట్టారు. ఏడో గడిలో 'ఒకటి' అని రాసి పంపేశాం.

తర్వాత తవిటినాయుడికి కబురు చెబితే అతను బెదిరిపోయాడు.

"నాకు రాదు బాబూ! నానక్కడ గిన్నెలు తోమినాను. గిన్నెలతోటి ఏ బాసలో మాటాడతాం?"

"వచ్చని ఆమోదం అయిపోయింది. ఇప్పుడు రాదంటే తప్పుడు సమాచారం ఇచ్చినట్టు అవుతుంది," అని నేనే అన్నాను. అతని మేలు కోరే అన్నానని ఆ రోజు నిజంగా నమ్మాను.

వారం తిరక్కుండా సర్వోత్తమరావు గారు స్వయంగా ఫోను చేశారు. మిగతా డివిజన్లన్నీ శూన్యం పంపి మెమోలు అందుకున్నాయట. రాష్ట్రం మొత్తానికి పోర్చుగీసు మాట్లాడే కార్మికుడు మా తవిటినాయుడు ఒక్కడేనట. పరాంకుశం గారు లేచి నిలబడి మాట్లాడుతున్నారు. నేను ఫైళ్ళు సర్దుతున్నట్టు నటిస్తూ విన్నాను.

"ఒక్కడు చాలడు పరాంకుశం గారూ," అంటోంది ఫోను. "శాస్త్రీయంగా ఫలితం రావాలంటే కనీసం ముప్ఫైమంది ఉండాలని పుస్తకంలో ఉంది. ప్రశ్నల్ని మార్చే అధికారం మనకి లేదు. కార్మికులు మన అధీనంలోనే ఉన్నారు. కాబట్టి మార్పు అనేది అటువైపు నుంచి రావాలి. మరో ఇరవై తొమ్మిది మందిని పోర్చుగీసు మాట్లాడేవాళ్ళుగా అభివృద్ధి చెయ్యండి. మార్చి ముప్ఫై ఒకటి గడువు."

పోర్చుగీసు పంతులు కోసం పత్రికలో ప్రకటన ఇచ్చాం. అయిదేళ్ళ బోధనానుభవం ఉండాలన్నాం. ఎవరూ రాలేదు. అనుభవం అక్కర్లేదన్నాం. హిమజ అనే అమ్మాయి వచ్చింది. ఎమ్మే చదివి ఖాళీగా ఉండి, సరదాకి ఫోనులో నాలుగు నెలలుగా పోర్చుగీసు నేర్చుకుంటోంది. ఇరవై పాఠాల్లో పదహారు పూర్తయ్యాయని నిజం చెప్పేసింది. ఆ నిజాయితీకి పరాంకుశం గారు ముచ్చటపడి, 'పదహారు పాఠముల మేరకు విదేశీ భాషా నిపుణురాలు' అని నియామక పత్రం ఇప్పించారు.

ఈ అనుమతులన్నీ వచ్చేసరికి మార్చి ఇరవై నాలుగు. క్లాసులు స్టోర్సు గదిలో, పైపుల మధ్యన, సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా పెట్టాం. హాజరు తప్పనిసరి. ఫిట్టర్లు, లైన్‌మన్‌లు, వాల్వులు తిప్పేవాళ్ళు అందరూ వచ్చారు. ఆరింటికి డ్యూటీ దిగి తిన్నగా ఇంటికెళ్ళే తవిటినాయుడు కూడా వచ్చాడు. అలా అతని పన్నెండు గంటలు పద్నాలుగయ్యాయి. రోజూ కొత్తగా ఎవరో ఒకరు చేరుతుండడంతో హిమజ ప్రతిరోజూ మొదటి పాఠమే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మొదటి పాఠం చాలా చిన్నది. ఇద్దరు మనుషులు ఎదురవుతారు.

"కోము ఎస్తా?" అంటాడు ఒకడు. ఎలా ఉన్నారు అని.

"ఎస్తో బేం, ఓబ్రిగాదు. ఇ వొసే?" అంటాడు రెండోవాడు. బాగున్నాను, థాంక్సండీ, మరి మీరు అని.

ఏడు రోజుల్లో మా డివిజన్ సిబ్బంది అంతా ఆ ముక్క నేర్చేసుకున్నారు. క్యాంటీనులో, కుళాయిల దగ్గర, తవ్విన గోతుల్లోంచి 'ఎస్తో బేం' అని వినిపించేది. ఫైళ్ళ మధ్య తిరుగుతూ నాకూ వచ్చేసింది.

మార్చి ముప్ఫై ఒకటిన కొలత జరిగింది. హిమజ వరుసగా ముప్ఫైమందినీ కూర్చోబెట్టి ప్రశ్నలు చదివింది. మీ పని మీ శక్తిని మించిపోతోందా? అని పోర్చుగీసులో. వాళ్ళకి వచ్చింది ఒకటే జవాబు. ఎస్తో బేం, ఓబ్రిగాదు. కంటినిండా నిద్ర పడుతోందా? ఎస్తో బేం. పనిలో ఉండగా ఎప్పుడైనా ఏడుపొచ్చిందా? ఎస్తో బేం, ఓబ్రిగాదు. తవిటినాయుడు తన వంతు వచ్చినప్పుడు ముప్ఫై రెండు ప్రశ్నలకీ ముప్ఫై రెండు సార్లు థాంక్స్ చెప్పి, మధ్యలో రెండుసార్లు తూగాడు.

"తూగినట్టు రాయాలాండీ?" అని అడిగింది హిమజ.

నమూనాలో దానికి గడి లేదు.

మొత్తం ఒత్తిడి సున్నా వచ్చింది. శూన్య నివేదిక స్వీకరించబడదన్న హెడ్డాఫీసు ఈ సున్నాని మాత్రం పళ్ళెంలో పెట్టి స్వీకరించింది. ఏప్రిల్ రెండో వారంలో మాకు 'ఒత్తిడి రహిత డివిజన్' అని రాగి ఫలకం వచ్చింది. పరాంకుశం గారి మెడలో దండ పడింది. ఫలకంతోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఒత్తిడి లేని చోట ఇద్దరు ఆపరేటర్లు ఉండడం మానవ వనరుల దుర్వినియోగం కాబట్టి, గుంపస్వామిని పోస్టుతో సహా వేరే డివిజన్‌కి బదిలీ చేశారు. పంపుహౌసులో తవిటినాయుడు ఒక్కడే మిగిలాడు. పంపు పద్దెనిమిది గంటలు నడిపి, ఆరుగంటలు ఆపి అక్కడే పడుకోవచ్చని ఉత్తర్వులో దయచేశారు. మనిషి ఒక్కడే కాబట్టి షిఫ్టులు లేవు. షిఫ్టులు లేవు కాబట్టి పుస్తకంలో సంతకాలు అక్కర్లేదు. ఎదటివాడి మొహం చూసేవాడు లేకుండా పోయాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం పంపుహౌసుకి తనిఖీకి వెళ్ళాను. తప్పనిసరై వెళ్ళానని ఒప్పుకుంటున్నాను. తవిటినాయుడు సగానికి సగం అయిపోయాడు. గోడ నిండా సుద్దతో తెలుగు అక్షరాల్లో ఏవేవో అర్థంకాని మాటలు రాసి ఉన్నాయి. బల్ల మీద ఫోనులోంచి ఒక ఆడగొంతు ఏదో అంటుంటే, ఇతను మోటారు హోరు మీదుగా దాన్ని అరుస్తున్నాడు.

"ఏమిటిది?"

"పద్నాలుగో పాఠం బాబూ. టీచరమ్మ ఫోన్లోకెక్కించి ఎల్లింది. ఒళ్ళు నొప్పులు, జొరం, నీరసం, అన్నీ ఈ పాఠంలోనే ఉన్నాయి."

"కొలత అయిపోయిందిగా. ఇంకా ఎందుకు?"

"ఆరు నెల్లకి మళ్ళీ కొలుస్తారంట గదా. మొన్న నాకు 'బాగున్నాను' తప్ప మరోటి రాక, బాగున్నాననీసినాను. అందుకే గుంపస్వామి పోనాడు. ఈ తడవ బాగోనేదని సెప్పడం నేర్సుకోవాల. అది ముందు పాఠాల్లో నేదు బాబూ, సానా దూరం ఎల్లాల."

నాకు సిగ్గేసింది. ఎంత సిగ్గేసిందంటే, తనిఖీ పుస్తకంలో 'సంతృప్తికరం' అని రాసేటప్పుడు అక్షరం కాస్త వంకర పోయింది.

జులైలో పిడుగు పడింది. ప్రపంచంలో ఎక్కడా సున్నా రాని తన కొలతకి ఇక్కడ సున్నా వచ్చిందని తెలిసి, అదేమిటో చూసిపోదామని డాక్టర్ లుసీయా గారే బయల్దేరి వచ్చేశారు. నెరిసిన జుట్టు, మోకాళ్ళ నొప్పి, చేతిలో గుడ్డసంచీ. హెడ్డాఫీసు నుంచి సర్వోత్తమరావు గారు వెంట వచ్చారు. మా వాళ్ళు ఇరవై తొమ్మిది మందీ గేటు దగ్గర వరసగా నిలబడి ఒక్క గొంతుతో 'ఎస్తో బేం, ఓబ్రిగాదు' అన్నారు. ఆవిడ ఎలా ఉన్నారని ఇంకా అడగలేదు.

ముప్ఫయ్యోవాడు డ్యూటీ వదిలి రావడానికి వీల్లేదు కాబట్టి ఆవిణ్ణే పంపుహౌసుకి తీసుకెళ్ళాం. ఆవిడ అతనికి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, "కోము ఎస్తా?" అంది.

తవిటినాయుడు నోరు విప్పాడు. బాగున్నాననలేదు. ఆగి ఆగి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, గోడ మీది సుద్దరాతకేసి చూసుకుంటూ చెప్పుకుపోయాడు. చాలాసేపు చెప్పాడు. మధ్యలో చెయ్యి చూపించాడు. బెల్టుని చూపించాడు. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆవిడ కోరిందని పిలిపించిన హిమజ నా పక్కన నిలబడి గుసగుసగా తెలుగులో చెబుతోంది. "నిద్ర కావాలి అంటున్నారండీ," అంది చివరికి. "ఎక్కువ కాదు, ఒక్క రోజు పూర్తిగా కావాలట."

లుసీయా గారు లేచి సర్వోత్తమరావు గారితో ఇంగ్లీషులో మాట్లాడారు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

"ఈయన్ని ఈయన భాషలో ఎందుకు అడగలేదు?"

"మా భాషలో చెబితే అది అర్జీ అవుతుంది మేడమ్," అన్నారు ఆయన వినయంగా. "మీ భాషలో చెబితే అది సమాచారం."

"నేను ఆరేళ్ళు తిరిగి ప్రశ్నల్ని మనుషులకి సరిపోయేలా మార్చాను."

"అవును మేడమ్. మేము ఏడు రోజుల్లో మనుషుల్నే ప్రశ్నలకి సరిపోయేలా మార్చేశాం," అని ఆయన ఛాతీ విరుచుకున్నారు.

ఆవిడ సంచీలోంచి ఒక అరటిపండు తీసి తవిటినాయుడి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆగస్టులో ఆవిడ నివేదిక వచ్చింది, ఇన్‌వార్డు నంబరు 2903. ఒక్క పేజీ, పోర్చుగీసులో. ఎందుకు ఇంగ్లీషులో రాయలేదో ఆవిడకే తెలియాలి. కోపంతో రాసిందని నా అనుమానం. దాన్ని చదవగలిగినవాళ్ళు హెడ్డాఫీసులో లేరు. హిమజ కాంట్రాక్టు మార్చితోనే ముగిసింది కాబట్టి రహస్య పత్రాలు బయటివాళ్ళకి చూపించకూడదు. విభాగంలో మొదటి పాఠం దాటి, ఇరవై పాఠాలూ పూర్తిచేసిన పోర్చుగీసు కార్మికుడు ఎవరయ్యా అంటే ఒక్కడే ఉన్నాడు. ఆ కాగితం తవిటినాయుడికి, 'తన సాధారణ విధులకు భంగము లేకుండా' తెలుగులోకి మార్చి మూడు రోజుల్లో సమర్పించమన్న ఆదేశంతో వెళ్ళింది.

మూడోరోజున తెల్లకాగితం తిరిగొచ్చింది. పెన్సిలు గీతలు, వంకర పోని అక్షరాలు. 'మూడు షిఫ్టులకి సరిపడా మనుషులు లేరు. ఈ మనిషికి చాలా నెలలుగా వారం సెలవు లేదు. నిలబడి నిద్రపోతున్నాడు. ఏదో ఒక రోజు చెయ్యి బెల్టులో పడుతుంది. ఇంకొక మనిషిని వెయ్యాలి. ఇతని మాట అర్థం చేసుకునే తోటిమనిషి ఒకడు ఇతనికి ఉండాలి.'

నేను బీరువాలోంచి 1146 తీసి పక్కన పెట్టుకున్నాను. ఆ చివరి వాక్యం తప్ప తక్కినదంతా అదే. ఫిబ్రవరిలో మా డివిజన్లో పుట్టిన ముక్క సముద్రాలు దాటి వెళ్ళి, డాక్టరమ్మ చేతి మీదుగా తిరిగి మా బల్ల మీదకే వచ్చింది.

పరాంకుశం గారు అనువాదం చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "చూశావటయ్యా కామేశం! విదేశీయుల పరిశీలన అంటే ఇదీ. ఎంత స్పష్టత! ఒక్క పేజీలో విషయం అంతా వచ్చేసింది. మనవాళ్ళలో ఒక్కడైనా ఎప్పుడైనా ఇలా చెప్పాడా?"

నేను 1146 ఆయన ముందు పెట్టాను. ఇరవై ఆరేళ్ళలో నేను చేసిన ధైర్యం అదొక్కటే. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తెలుగులో ఉందే," అని తిరిగి ఇచ్చేశారు.

కానీ నివేదిక మీద హెడ్డాఫీసు కదిలింది. అంతర్జాతీయ నిపుణురాలి సిఫారసుని తోసిపుచ్చలేరు. సెప్టెంబరు పంతొమ్మిదిన ఉత్తర్వు వచ్చింది. పంపుహౌసుకి ఒక అదనపు ఆపరేటరు పోస్టు మంజూరు. నేను పట్టలేని సంతోషంతో మొదటి పేరా చదివాను. రెండో పేరాలో అర్హత ఉంది. 'ప్రస్తుత ఉద్యోగి మాటను అర్థము చేసుకొను తోటి ఉద్యోగి అవసరమని నిపుణురాలు సూచించినందున, అభ్యర్థి పోర్చుగీసు భాషలో ఇరవై పాఠములూ పూర్తి చేసి ఉండవలెను.' మూడో పేరా ఇది: 'సదరు అర్హత గల వ్యక్తి విభాగమందు శ్రీ తవిటినాయుడు ఒక్కరే అయినందున, అదనపు పోస్టునకు కూడా పూర్తి అదనపు బాధ్యతపై వారినే నియమించడమైనది. ఇప్పుడు రెండు పోస్టులూ భర్తీ అయినందున, పంపింగు యథావిధిగా ఇరవై నాలుగు గంటలూ, మూడు షిఫ్టులలో పునరుద్ధరించబడును. షిఫ్టు పుస్తకము తిరిగి అమలులోకి వచ్చును.'

ఆరు గంటల నిద్ర కూడా పోయింది. ఆ ఉత్తర్వు అమలు పత్రం టైపు చేసింది నేనే. ఒక్క కామా తప్పు పోలేదు.

ప్యూనుతో పంపించవచ్చు. పంపలేక నేనే పట్టుకుని వెళ్ళాను. తవిటినాయుడు గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుని, కాగితాన్ని వెలుగులోకి తీసుకెళ్ళి రెండుసార్లు చదివాడు.

"బాబూ, రెండో మనిసి వొచ్చీసినట్టేనా?"

"వచ్చేసినట్టే."

"ఆడు నానేనా?"

నేను తలూపాను. ఇంకో అర్జీ రాస్తానంటాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను కూడా. అతను గోడ గడియారం కేసి చూశాడు. రెండు కావస్తోంది. షిఫ్టు మారే వేళ.

అరలోంచి షిఫ్టు పుస్తకం తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పరిచాడు. బల్లకి ఇటువైపు నిలబడి 'అప్పగించినవారు' అన్న చోట సంతకం పెట్టాడు. తలెత్తి, ఎదటి ఖాళీలోకి చూస్తూ, నియమం ప్రకారం అవతలి మనిషి మొహం చూడాలి కదా, "కోము ఎస్తా?" అని అడిగాడు. తర్వాత బల్ల చుట్టూ నడిచి అటువైపుకి వెళ్ళాడు. 'స్వీకరించినవారు' అన్న చోట సంతకం పెట్టాడు.

"ఎస్తో బేం, ఓబ్రిగాదు," అన్నాడు తనొదిలి వచ్చిన చోటుకేసి.

పాఠంలో ఇంకో ముక్క మిగిలి ఉంది. దాన్ని అడగడానికి అటువైపు ఎవరూ లేరు. అందుకని నాకేసి తిరిగాడు.

"ఇ వొసే?"

మరి మీరు, అని. ఆ జవాబు నాకు నోటికి వచ్చు. డివిజన్ మొత్తానికీ వచ్చు. నోరు తెరిచాను గానీ ఆ మాట బయటికి రాలేదు. అతను కాసేపు మర్యాదగా ఎదురు చూసి, మోటారు దగ్గరికి వెళ్ళిపోయాడు.